పాకాల మెము నుంచి హైదరాబాద్ మెట్రో దాకా: రైలు పెట్టెకు సొంత బలం ఇచ్చిన ఫ్రాంక్ స్ప్రేగ్ ఎవరు?

తిరుపతి నుంచి కాట్పాడి వైపు వెళ్లే మెము రైలు పాకాల జంక్షన్‌లో ఆగినప్పుడు ఒక్కసారి ముందుకు చూడండి. మామూలు ఎక్స్‌ప్రెస్‌కు ఉన్నట్టు దానికి విడిగా ఇంజిన్ కనిపించదు. ప్రయాణికులు కూర్చునే పెట్టె ముందు భాగంలోనే డ్రైవర్ క్యాబిన్ ఉంటుంది. వెనక చివర కూడా అలాంటిదే మరో క్యాబిన్. తిరుగు ప్రయాణానికి ఇంజిన్ విప్పి అటు తగిలించే పని లేదు. లోకో పైలట్ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి వెళ్తే చాలు.

మెము అన్న మాట ఇంగ్లిష్‌లో నాలుగు అక్షరాల పొట్టి పేరు. మెయిన్‌లైన్ ఎలక్ట్రిక్ మల్టిపుల్ యూనిట్ అన్నది పూర్తి పేరు. ఇందులో చివరి రెండు మాటలు, అంటే మల్టిపుల్ యూనిట్, సుమారు 130 ఏళ్ల కిందట ఒక అమెరికన్ ఇంజినీర్ కనిపెట్టిన పద్ధతికి పెట్టిన పేరు. ఆయనే ఫ్రాంక్ జూలియన్ స్ప్రేగ్. హైదరాబాద్ మెట్రో, చెన్నై లోకల్, ముంబయి లోకల్, న్యూయార్క్ సబ్‌వే ఆ పద్ధతి మీదే నడుస్తున్నాయి. మీ అపార్ట్‌మెంట్‌లోని లిఫ్ట్ చరిత్రలోనూ ఆయన పేరుంది.

ఇప్పుడు ఆయన్ని గుర్తు చేసుకోవడానికి మనకో కారణం ఉంది. తిరుపతి, పాకాల, కాట్పాడి మధ్య 104 కిలోమీటర్ల సింగిల్ లైన్‌ను డబ్లింగ్ చేయడానికి కేంద్ర కేబినెట్ 2025 ఏప్రిల్‌లో ఆమోదం తెలిపింది. అంచనా వ్యయం 1,332 కోట్ల రూపాయలు. రెండో లైన్ పడితే క్రాసింగ్ కోసం బండిని పక్కన ఆపే బాధ తగ్గుతుంది. మరి రైళ్లు పెరుగుతాయా? పెట్టెలు పెరుగుతాయా? ప్రయాణం భద్రంగా ఉంటుందా? పట్టాలు వేసినంత మాత్రాన ఈ ప్రశ్నలకు జవాబు దొరకదు. పెట్టెలు ఎన్ని, వాటిని ఎక్కడికి కేటాయిస్తారు, సిగ్నల్ వ్యవస్థ ఎలాంటిది అన్న వాటి మీదే అది ఆధారపడుతుంది. స్ప్రేగ్ జీవితమంతా ఈ ప్రశ్నల చుట్టూనే తిరిగింది.

తల్లి లేని బాల్యం, నౌకాదళంలో చదువు

స్ప్రేగ్ 1857 జులై 25న అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం మిల్‌ఫర్డ్‌లో పుట్టారు. తల్లి టీచర్. ఆయనకు పదేళ్లు నిండకముందే ఆమె చనిపోయారు. తండ్రి పని వెతుక్కుంటూ పశ్చిమ ప్రాంతానికి వెళ్లిపోవడంతో మసాచుసెట్స్‌లోని నార్త్ ఆడమ్స్‌లో ఉండే మేనత్త పెంచి పెద్ద చేశారు. లెక్కల్లో దిట్ట అనిపించుకున్న ఆ కుర్రాడు 1874లో అనాపొలిస్‌లోని నౌకాదళ అకాడమీలో చేరి 1878లో చదువు పూర్తి చేశారు.

ఓడల మీద ఉద్యోగం చేస్తున్నా ఆయన మనసంతా కరెంటు మీదే. అప్పటికి కరెంటు అంటే టెలిగ్రాఫ్, కొన్ని చోట్ల వీధి దీపాలు. దానితో బరువులు లాగవచ్చని నమ్మినవారు తక్కువ. లాంకాస్టర్ అనే యుద్ధనౌకలో పనిచేస్తూ ఆయన విద్యుత్ పిలుపు గంటలు అమర్చారు. అమెరికా నౌకాదళ ఓడల్లో అలాంటి ఏర్పాటు అదే మొదటిది.

లండన్ పొగలో మొలకెత్తిన ఆలోచన

1882లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో విద్యుత్ ప్రదర్శన జరిగింది. నౌకాదళం తరఫున స్ప్రేగ్ అక్కడికి వెళ్లారు. రోజూ భూగర్భ రైల్లో తిరగాల్సి వచ్చింది. అప్పటి లండన్ భూగర్భ రైళ్లను లాగింది బొగ్గు ఇంజిన్లే. సొరంగంలో బొగ్గు మండితే పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. కళ్లలో మసి, గొంతులో పొగ, ఎదుటి సిగ్నల్ కనిపించనంత మసక.

ఈ రైలు కరెంటుతో నడిస్తే ఎలా ఉంటుంది అన్న ఆలోచన అక్కడే మొదలైంది. పైన ఒక తీగ, కింద పట్టాలు, మధ్యలో కరెంటు తీసుకుంటూ కదిలే పెట్టె. ఈ బొమ్మ ఆయన మనసులో పడిపోయింది.

1883లో నౌకాదళానికి రాజీనామా చేసి థామస్ ఎడిసన్ దగ్గర చేరారు. పట్టణమంతా దీపాలు వెలిగించాలంటే ఎంత మందం తీగలు ఎక్కడ వేయాలో అక్కడ నమూనాలు కట్టి, కొలిచి చూసేవారు. అదంతా కాగితం మీద లెక్కవేసి తేల్చవచ్చని స్ప్రేగ్ చూపించారు. కానీ ఎడిసన్ దృష్టి దీపాల మీద, స్ప్రేగ్ దృష్టి మోటార్ల మీద. ఏడాది తిరిగేసరికి బయటికొచ్చి 1884లో సొంత కంపెనీ పెట్టారు.

బరువు పెరిగినా వేగం తగ్గని, నిప్పురవ్వలు రాలని మోటార్ తయారు చేశారు. బ్రేక్ వేసినప్పుడు మోటారే జనరేటర్‌గా మారి కరెంటును తిరిగి లైన్‌లోకి పంపే పద్ధతినీ రూపొందించారు. రీజనరేటివ్ బ్రేకింగ్ అంటూ నేటి మెట్రోలు గొప్పగా చెప్పుకునేది ఇదే.

1886లో న్యూయార్క్ వంతెన రైలు మార్గం మీద ప్రయోగాలు చేస్తుండగా, ఆ రైల్వే యజమాని, ఆనాటి కోటీశ్వరుడు జే గౌల్డ్ చూడటానికి వచ్చారు. స్ప్రేగ్ ఉత్సాహంగా కంట్రోలర్ తిప్పారు. గౌల్డ్ పక్కనే ఫ్యూజ్ పెద్ద శబ్దంతో పేలింది. ఆయన కదులుతున్న పెట్టెలోంచి దూకబోయారని చెబుతారు. న్యూయార్క్ అవకాశం అక్కడితో పోయింది.

రిచ్‌మండ్: 90 రోజులు, 40 బండ్లు, నాలుగు కంచర గాడిదలు

1887లో వర్జీనియా రాష్ట్రంలోని రిచ్‌మండ్ నగరం నుంచి కాంట్రాక్టు దొరికింది. సుమారు 12 మైళ్ల ట్రామ్ మార్గానికి కరెంటు ఏర్పాటు, పవర్ హౌస్, 40 పెట్టెలు, వాటికి 80 మోటార్లు. గడువు 90 రోజులు. పని నచ్చితేనే 1,10,000 డాలర్లు చెల్లిస్తారు. అంత పెద్ద విద్యుత్ ట్రామ్ వ్యవస్థ అప్పటికి ప్రపంచంలో ఎక్కడా సజావుగా నడవలేదు. చాలా పరికరాలు కాగితం మీద కూడా పూర్తి కాలేదు. పైగా సంతకం అయ్యాక స్ప్రేగ్ టైఫాయిడ్‌తో మంచం పట్టారు.

లేచి వచ్చి మార్గం చూసేసరికి గుండె జారింది. కొన్ని చోట్ల వంద అడుగుల దూరానికి పది అడుగుల ఎత్తు. మన ఘాట్ రోడ్డు లాంటి ఆ ఎక్కుడును పట్టాల మీద జారకుండా ఎక్కగలమా అన్నదే అసలు అనుమానం. ఒక రాత్రి పరీక్షగా పెట్టెను కొండ ఎక్కించారు. ఎక్కింది, కానీ మోటార్ కాలిపోయింది. చుట్టూ జనం మూగారు. చిన్న లోపమే, సాధనాలు తెప్పిస్తే సరిపోతుందని స్ప్రేగ్ సహాయకుడిని అందరికీ వినిపించేలా పురమాయించి, దీపాలు ఆర్పి సీటు మీద పడుకున్నారు. జనం విసుగెత్తి ఇళ్లకు వెళ్లాక ఆ సాధనాలు వచ్చాయి. అవి నాలుగు కంచర గాడిదలు. చీకట్లో బండిని షెడ్డుకు లాక్కెళ్లాయి.

అయినా వదల్లేదు. మోటార్ బరువు సగం ఇరుసు మీద, సగం స్ప్రింగుల మీద పడేలా వేలాడదీసే అమరికను వాడారు. కుదుపు వచ్చినా పళ్ల చక్రాలు విడిపోకుండా అది కాపాడింది. ఈ తరహా అమరిక తర్వాత ప్రపంచమంతటా వ్యాపించింది, మన రైల్వే ఇంజిన్లలోనూ కనిపిస్తుంది. 1888 ఫిబ్రవరి 2న రిచ్‌మండ్‌లో సేవలు అధికారికంగా మొదలయ్యాయి. కాంట్రాక్టులో స్ప్రేగ్‌కు మిగిలింది నష్టమే. కానీ ప్రపంచం దృష్టి ఆ ఊరిమీద పడింది.

ఆ ఏడాదే బోస్టన్ ట్రామ్ కంపెనీ అధిపతి హెన్రీ విట్నీ చూడటానికి వచ్చారు. ఒకటి రెండు బండ్లు నడవడం సరే, రద్దీ వేళ బండ్లన్నీ ఒకే చోట చేరి ఒకేసారి కదలాల్సి వస్తే కరెంటు సరిపోతుందా అన్నది ఆయన బృందం సందేహం. స్ప్రేగ్ ఆ రాత్రి 22 పెట్టెలను వరుసగా నిలబెట్టించారు. పవర్ హౌస్‌లో వోల్టేజీ పెంచి పట్టి ఉంచమన్నారు. లాంతరు ఊపగానే ఒక్కొక్కటిగా కదిలాయి. దీపాలు మసకబారాయి, కానీ ఏ బండీ ఆగలేదు. బోస్టన్ ఆర్డర్ ఖాయమైంది.

ఏడేళ్ల తర్వాత, 1895లో మద్రాసు వీధుల్లో విద్యుత్ ట్రామ్ నడిచింది. భారతదేశంలో అదే మొదటిది. ఇంచుమించు అదే కాలంలో, 1890 దశకం మొదట్లో, పాకాల మీదుగా మీటర్ గేజ్ పట్టాలు పడ్డాయి. మనకు బొగ్గు ఇంజిన్ కొత్తగా వస్తున్న రోజుల్లో అక్కడ దానికి ప్రత్యామ్నాయం సిద్ధమైందన్నమాట.

లిఫ్టుల నుంచి రైలుకు

1890లో ఎడిసన్ జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ స్ప్రేగ్ సంస్థను కలిపేసుకుంది. పరికరాల మీద ఆయన పేరు తీసేసి ఎడిసన్ పేరు వేశారు. మనస్తాపంతో ఆయన బయటికొచ్చేశారు.

తర్వాత లిఫ్టుల వైపు మళ్లారు. అప్పటిదాకా ఎత్తైన భవనాల్లో నీటి ఒత్తిడితో పనిచేసే లిఫ్టులే ఎక్కువ. స్ప్రేగ్, చార్లెస్ ప్రాట్ కలిసి విద్యుత్ లిఫ్టులు తయారు చేశారు. న్యూయార్క్‌లో పోస్టల్ టెలిగ్రాఫ్ భవనంలో అవి పనిచేశాయి. తర్వాత ఆ వ్యాపారం ఓటిస్ కంపెనీ చేతికి వెళ్లింది.

ఒక భవనంలో చాలా లిఫ్టులు ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో మోటార్. కావాలనుకుంటే ఒకే చోటి నుంచి చిన్న స్విచ్‌తో ఏ మోటార్‌నైనా నడపవచ్చు. ఈ లిఫ్టులన్నిటినీ నిలువుగా కాకుండా అడ్డంగా పట్టాల మీద పెట్టి ఒకదానికొకటి తగిలిస్తే? స్ప్రేగ్‌కు తట్టింది ఇదే.

మల్టిపుల్ యూనిట్ అంటే ఏమిటి?

ముందు ఇంజిన్, వెనక పెట్టెలు. ఇది పాత పద్ధతి. ఇందులో ఒక చిక్కుంది. పెట్టెలు పెంచితే ఇంజిన్ మీద భారం పెరుగుతుంది, బండి నెమ్మదిస్తుంది. పెట్టెలు తగ్గిస్తే అంత పెద్ద ఇంజిన్ దండగ. చక్రాలు జారకుండా పట్టు దొరకాలంటే ఇంజిన్ బరువుగా ఉండాలి. బరువైతే వంతెనలు, పట్టాలు అంత గట్టిగా ఉండాలి. ప్రతి కిలోమీటరుకు ఆగి కదిలే సిటీ రైలుకు ఇది అసలు కుదరదు.

స్ప్రేగ్ చేసిందేమిటంటే మోటార్లను పెట్టెల కిందనే పంచిపెట్టారు. ప్రతి మోటార్ పెట్టె తనకు కావాల్సిన కరెంటు తనే తీసుకుంటుంది. డ్రైవర్ చేతిలో ఉండేది చిన్న మాస్టర్ కంట్రోలర్. దాని నుంచి సన్నని నియంత్రణ తీగలు రైలు పొడవునా వెళ్తాయి. వాటిలో ప్రవహించేది తక్కువ కరెంటే. అది ఆజ్ఞ మాత్రమే మోస్తుంది. ఆజ్ఞ అందగానే ప్రతి పెట్టెలోని స్విచ్‌లు ఒకేసారి పనిచేస్తాయి. మూడు పెట్టెలున్నా పదున్నా డ్రైవర్ ఒక్కరే. పెట్టె కలిపితే బరువుతో పాటు బలమూ కలుస్తుంది.

నేటి మెములో అన్ని పెట్టెలకూ మోటార్లు ఉండవు. సాధారణంగా నాలుగింటికి ఒకటి మోటార్ పెట్టె, మిగతావి ట్రైలర్లు. సూత్రం మాత్రం అదే.

1897లో షికాగోలోని సౌత్ సైడ్ వంతెన రైల్వే బొగ్గు ఇంజిన్ల నుంచి కరెంటుకు మారాలనుకుంది. సలహా ఇవ్వడానికి పిలిస్తే స్ప్రేగ్ ఇంజిన్ల ప్రణాళికే వద్దని, ప్రతి పెట్టెనూ సొంతంగా నడిచేలా చేస్తానని చెప్పారు. 120 పెట్టెల కాంట్రాక్టు. పని జరగకపోతే లక్ష డాలర్ల పూచీకత్తు పోతుంది. ఆ జులైలో షెనెక్టడీ పట్టాల మీద పరీక్ష పెట్టారు. ఆరు పెట్టెల రైలును నడపడానికి ఆయన కంట్రోలర్ ముందు నిలబెట్టింది పదేళ్ల తన కొడుకు డెస్మండ్‌ను. పిల్లాడు నడపగలిగితే ఎవరైనా నడపగలరన్నది చూసినవాళ్లకు అర్థమైంది. 1898లో షికాగోలో ఆ రైళ్లు ప్రయాణికులతో తిరిగాయి.

లండన్‌లో మాత్రం పాత పద్ధతిలోనే ఒక తప్పు జరిగింది. 1900లో ప్రారంభమైన సెంట్రల్ లండన్ భూగర్భ రైల్వే బరువైన విద్యుత్ ఇంజిన్లు వాడింది. పైనున్న భవనాలు అదురుతున్నాయని జనం గోల పెట్టారు. 1903 నాటికి ఇంజిన్లు తీసేసి మల్టిపుల్ యూనిట్లు తెచ్చారు. 1904లో న్యూయార్క్ సబ్‌వే మొదటి రోజు నుంచే ఈ పద్ధతిలో నడిచింది. మన దేశంలో 1925 ఫిబ్రవరి 3న బొంబాయి విక్టోరియా టెర్మినస్ నుంచి కుర్లాకు నడిచిన తొలి విద్యుత్ రైలు కూడా ఇదే కుటుంబానిది. 1931లో మద్రాసు బీచ్, తాంబరం మధ్య విద్యుత్ లోకల్ వచ్చింది.

మరి ఏ లైన్‌కు ఎన్ని రైళ్లు? ఎవరు తేలుస్తారు?

ఇక్కడి నుంచి విషయం మన జేబు దాకా, మన నిలబడే చోటు దాకా వస్తుంది. హైదరాబాద్ మెట్రోనే తీసుకోండి. మూడు కారిడార్లు, సుమారు 69 కిలోమీటర్లు. 2017 నవంబర్‌లో మొదలైంది. దక్షిణ కొరియా కంపెనీ హ్యుందాయ్ రోటెమ్ ఇచ్చిన 57 రైళ్లు, ఒక్కోదానికి మూడు పెట్టెలు. స్టేషన్లను మాత్రం ఆరు పెట్టెలు పట్టేలా కట్టారు. అంటే ప్లాట్‌ఫాం మీద సగం చోటు రైలు రాని చోటు. మూడు పెట్టెలకు మరో మూడు కలపడం సాంకేతికంగా సాధ్యమే. స్ప్రేగ్ పద్ధతి గొప్పతనమే అది. లేనిది పెట్టెలు.

లెక్క సులువుగా చూద్దాం. ఒక లైన్‌లో రైలు ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లి తిరిగి రావడానికి రెండు గంటలు పడుతుందనుకోండి. నాలుగు నిమిషాలకో రైలు కావాలంటే 120ని 4తో భాగించాలి. 30 రైళ్లు కావాలి. మూడు నిమిషాలకో రైలు కావాలంటే 40 కావాలి. ఇవి కాక మరమ్మతులో ఉన్నవి, అత్యవసరానికి ఉంచినవి విడిగా లెక్కపెట్టాలి. ఉన్న రైళ్లనే పంచాలి కాబట్టి ఒక లైన్‌కు ఇస్తే మరో లైన్‌కు తగ్గుతాయి. అందుకే రద్దీ ఎక్కువగా ఉండే అమీర్‌పేట, రాయదుర్గం మధ్య షార్ట్ లూప్ ట్రిప్పులు నడిపారు. ఉన్న రైళ్లనే, జనం ఎక్కువున్న ముక్కలో ఎక్కువసార్లు తిప్పడం అన్నమాట.

రైళ్లు కొనేస్తే సమస్య తీరిపోతుందా? తీరదు. రెండు రైళ్ల మధ్య ఎంత దూరం ఉంచాలో తేల్చేది సిగ్నల్. అది మూడు నిమిషాల కంటే దగ్గరగా రానివ్వకపోతే కొత్త రైళ్లు డిపోలోనే ఉంటాయి. సిగ్నల్ ఆధునికంగా ఉండి రైళ్లు లేకపోతే పట్టాలు ఖాళీగా ఉంటాయి. ఈ రెండూ జోడెడ్లు. ఒకటి మొరాయిస్తే బండి కదలదు.

న్యూయార్క్ అనుభవం ఇదే చెబుతోంది. అక్కడి కొన్ని లైన్లలో 1930ల నాటి సిగ్నల్ పరికరాలు ఇప్పటికీ పనిచేస్తున్నాయి. ఎల్ లైన్‌లో, 7వ నంబర్ లైన్‌లో కంప్యూటర్ ఆధారిత సిగ్నల్ పెట్టారు. ఆ పరికరాలు అమర్చిన పెట్టెలే ఆ లైన్లలో మామూలు సేవలకు పనికొస్తాయి. ఎల్ లైన్‌కు ఆర్143, 7వ లైన్‌కు ఆర్188 రకం పెట్టెలు కేటాయించింది అందుకే. అంటే సిగ్నల్ మార్చిన ప్రతిసారీ ఏ పెట్టె ఏ లైన్‌కు అన్న లెక్క కూడా మళ్లీ వేసుకోవాల్సిందే.

కనిపించని ఎర్ర సిగ్నల్

స్ప్రేగ్ జీవితంలో సిగ్నల్ అధ్యాయం ఒక విషాదంతో ముడిపడి ఉంది. 1902 జనవరి 8న న్యూయార్క్ పార్క్ అవెన్యూ సొరంగంలో ఒక రైలు ఎర్ర సిగ్నల్ దాటి, ఆగి ఉన్న మరో రైలును వెనక నుంచి ఢీకొట్టింది. 15 మంది అక్కడికక్కడే చనిపోయారు. సొరంగం నిండా పొగ, ఆవిరి. సిగ్నల్ ఉన్నా కనిపించే పరిస్థితి లేదు. ఇరవై ఏళ్ల కిందట లండన్‌లో స్ప్రేగ్ చూసిన మసకే ఇక్కడ ప్రాణాలు తీసింది.

జనాగ్రహంతో మాన్‌హటన్‌లో బొగ్గు ఇంజిన్లను నిషేధిస్తూ చట్టం వచ్చింది. రైల్వే కంపెనీ ఇంజినీర్ విలియం విల్గస్ నాయకత్వంలో గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌ను పూర్తిగా కరెంటుతో నడిచేలా కొత్తగా కట్టాలని నిర్ణయించారు. సాంకేతిక సలహా కమిషన్‌లో స్ప్రేగ్ సభ్యులయ్యారు. కరెంటు మోసే మూడో పట్టాను కింది నుంచి తాకే అమరికను విల్గస్, స్ప్రేగ్ కలిసి రూపొందించారు. పైన కప్పు ఉండటంతో మంచు పడినా, మనిషి కాలు పడినా ప్రమాదం తగ్గుతుంది. కొత్త గ్రాండ్ సెంట్రల్ 1913 ఫిబ్రవరి 2న తెరుచుకుంది. రిచ్‌మండ్‌లో ట్రామ్ నడిచిన రోజుకు సరిగ్గా పాతికేళ్లు.

పొగ పోయింది. కానీ స్ప్రేగ్‌కు మరో ప్రశ్న మిగిలింది. సిగ్నల్ స్పష్టంగా కనిపించినా డ్రైవర్ చూడకపోతే? అలసిపోతే? కునుకు పడితే? సిగ్నల్ మాట మనిషి వినకపోతే బండే వినాలి అన్న దారిలో ఆయన పనిచేశారు. పట్టాల దగ్గరి పరికరం నుంచి కదులుతున్న బండికి సమాచారం అందాలి, అవసరమైతే బ్రేకులు వాటంతటవే పడాలి. దీనికోసం ప్రత్యేకంగా ఒక కంపెనీ పెట్టి, వయసు మీద పడుతున్నా ఏళ్ల తరబడి శ్రమించారు. 1922లో అమెరికా ప్రభుత్వ కమిషన్ 49 రైల్వే కంపెనీలకు ఇలాంటి స్వయంచాలక నియంత్రణ పెట్టాలని ఆదేశించింది.

ఆ దారిలోనే కవచ్

ఇది అమెరికా పాత కథ అనుకోవద్దు. 2023 అక్టోబర్ 29 సాయంత్రం విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర విశాఖ, పలాస ప్యాసింజర్‌ను వెనక నుంచి విశాఖ, రాయగడ ప్యాసింజర్ ఢీకొట్టింది. 14 మంది చనిపోయారు. అది ఆటోమేటిక్ సిగ్నళ్లున్న మార్గం. కానీ కవచ్ లేదు. ముందు ఆగిన బండి, వెనక వచ్చిన బండి, మధ్యలో బండిని ఆపలేకపోయిన సిగ్నల్. పార్క్ అవెన్యూకూ కంటకాపల్లికీ మధ్య 121 ఏళ్లు గడిచాయి, ప్రమాదం తీరు మాత్రం పెద్దగా మారలేదు.

కవచ్ ఎలా పనిచేస్తుంది? పట్టాల మధ్య స్లీపర్ల మీద చిన్న ట్యాగులు ఉంటాయి. బండి వాటి మీదుగా వెళ్తుంటే తను ఎక్కడుందో ఇంజిన్‌లోని కంప్యూటర్‌కు తెలుస్తుంది. స్టేషన్‌తో రేడియోలో మాట్లాడుతూ ముందున్న సిగ్నల్ ఏమిటో తెలుసుకుంటుంది. లోకో పైలట్ వేగం తగ్గించకపోతే ముందు హెచ్చరిస్తుంది, అప్పటికీ వినకపోతే బ్రేకులు తనే వేస్తుంది.

దీని పుట్టిల్లు ఒక రకంగా మన ప్రాంతమే. తొలి ప్రయోగాలు దక్షిణ మధ్య రైల్వేలో లింగంపల్లి, వికారాబాద్, వాడి మార్గంలో జరిగాయి. 2020లో దీన్ని జాతీయ వ్యవస్థగా ఖరారు చేశారు. 2022 మార్చి 4న సికింద్రాబాద్ డివిజన్‌లో గుల్లగూడ, చిట్టిగిద్ద మధ్య రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ స్వయంగా ఇంజిన్‌లో కూర్చుని పరీక్షించారు. ఎదురుగా ఉన్న ఇంజిన్‌కు 380 మీటర్ల దూరంలో బండి ఆగిపోయింది. కవచ్ పరికరాలు అందించిన తొలి కంపెనీలు మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ మూడూ హైదరాబాద్‌వే. సిగ్నల్ ఇంజినీర్లకు శిక్షణ ఇచ్చే ఇరిసెట్ 1957 నుంచి సికింద్రాబాద్‌లోనే ఉంది.

హైదరాబాద్ మెట్రోలో ఉన్నది మరో మెట్టు పైది. సీబీటీసీ అంటారు. పాత పద్ధతిలో మార్గాన్ని ముక్కలుగా విడగొట్టి, ఒక ముక్కలో ఒక రైలే ఉండాలంటారు. ముక్క పొడవెంతో అంత దూరం ఎప్పుడూ ఖాళీగా ఉండాల్సిందే. సీబీటీసీలో ప్రతి రైలూ తను ఎక్కడున్నదీ రేడియో ద్వారా చెబుతూనే ఉంటుంది. దాన్నిబట్టి వెనక రైలు ఎంతవరకు రావచ్చో కంప్యూటర్ ఎప్పటికప్పుడు లెక్కగడుతుంది. అందువల్ల భద్రత తగ్గకుండానే రైళ్లు దగ్గరగా నడుస్తాయి.

చివరి రోజులు

స్ప్రేగ్ ఎప్పుడూ ఊరికే కూర్చోలేదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో నౌకాదళ సలహా మండలిలో పనిచేశారు. ఆ మండలి అధ్యక్షుడు ఎడిసనే. 70 ఏళ్లు దాటాక ఒకే బావిలో రెండు లిఫ్టులు నడిపే పద్ధతి మీద పనిచేశారు. ఆకాశహర్మ్యాల్లో స్థలం మిగిల్చాలన్నది ఆలోచన. 1932లో 75వ పుట్టినరోజున ఇంజినీర్లు, మిత్రులు న్యూయార్క్‌లో ఆయన్ని సత్కరించారు. 1934 అక్టోబర్ 25న అక్కడే కన్నుమూశారు. ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో అంత్యక్రియలు జరిగాయి.

పేరు విషయంలో మాత్రం గొడవ ఆయన తర్వాతా సాగింది. విద్యుత్ రైలును ఎడిసన్ ఖాతాలో వేయడం తప్పని, ఆయన భార్య హారియట్ 1947లో ఏకంగా ఒక పుస్తకమే ప్రచురించారు. దీపం వెలిగించిన వాడిని లోకం గుర్తుపెట్టుకుంది, బండిని కదిలించిన వాడిని ఎక్కువగా రైలు ఇంజినీర్లే గుర్తుపెట్టుకున్నారు.

పాకాల ప్రయాణికుడికి దీనివల్ల ఏమిటి?

డబ్లింగ్ పూర్తయితే తిరుపతి, కాట్పాడి మధ్య ఎక్కువ రైళ్లు నడిపే వీలు కలుగుతుంది. శ్రీవారి దర్శనానికి వచ్చేవారికి, కాణిపాకం వెళ్లేవారికి, వైద్యం కోసం వెల్లూరు వైపు వెళ్లేవారికి, రోజూ తిరుపతికి పనికెళ్లి వచ్చేవారికి అది మేలే. కానీ వీలు కలగడం వేరు, రైలు రావడం వేరు. లైన్ ప్రారంభమైన రోజు రిబ్బన్ కత్తిరించడంతో ఆగకుండా మూడు విషయాలు అడగాలి.

మొదటిది, ఈ మార్గానికి కొత్తగా ఎన్ని మెము రేక్‌లు కేటాయిస్తున్నారు? ఉన్న రేక్‌నే ఎక్కువ తిప్పితే మరమ్మతుకు సమయం ఎక్కడ మిగులుతుంది? రెండోది, రద్దీ రోజుల్లో పెట్టెలు పెంచుతారా? మల్టిపుల్ యూనిట్‌కు అది పుట్టుకతో వచ్చిన సౌకర్యం, పెట్టెలు ఉండాలంతే. మూడోది, రైళ్లు పెరిగి దగ్గరగా నడిచినప్పుడు వాటి మధ్య కాపలా ఎవరు? ఒక్క లోకో పైలట్ కళ్లేనా, ఆయనకు తోడుగా కవచ్ కూడానా?

రిచ్‌మండ్‌లో ఆ రాత్రి 22 బండ్లను ఒకేసారి కదిలించి స్ప్రేగ్ నిరూపించింది చిన్న విషయమే. ఖాళీ వేళ ఒక బండి నడవడం పరీక్ష కాదు. అందరూ ఒకేసారి ఎక్కే వేళ అన్నీ నడవడమే అసలు పరీక్ష. ఆదివారం సాయంత్రం పాకాల ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ వాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.